మూసీ దారిలో సైకిలు సామాను

వికారాబాద్ దాటి అనంతగిరి కొండెక్కితే మూసీ పుట్టిల్లు. అనంతపద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి, జులై వచ్చిందంటే రోజుల తరబడి వదలని ముసురు. ఇక్కడ నది ఇదీ అని వేలెత్తి చూపించలేం. రాళ్ళ సందుల్లో, ఆకుల కింద ఊరే తడే నది. ఆ తడి పోగుపడి సుమారు 240 కి.మీ. తూర్పుకు సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ దారిని నేను సైకిలు మీద ముక్కలు ముక్కలుగా, వేరువేరు కాలాల్లో చూశాను. ఏ ముక్కకి ఏ సామాను కొన్నానో, అందులో ఏది నిలిచిందో చెబితే, ఈ నది వెంట వాతావరణం ఎన్ని రకాలో కూడా చెప్పినట్టే.

హైదరాబాదు నుంచి అనంతగిరి 75 కి.మీ. ఉంటుంది. చీకటితో బయల్దేరిన వాళ్ళు టిఫిన్ల వేళకి కొండ మీద ఉంటారు. ఎత్తు సముద్రమట్టానికి 660 మీటర్ల చిల్లర. నగరం కన్నా వంద మీటర్లు ఎక్కువ, అంతే. థర్మామీటర్లో ఆ తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూ. కొండ దిగేటప్పుడు మాత్రం ఒంటి లెక్క వేరుగా ఉంటుంది. ఎక్కినప్పటి చెమటా పైనుంచి పడ్డ ముసురూ కలిసి బట్టలు నానిపోయి ఉంటాయి. ఇక దిగుతుంటే గంటకి నలభై కి.మీ. వేగంతో గాలి కొడుతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరవ్వాలంటే సుమారు 2,400 జౌల్స్ వేడి కావాలి. అందులో చాలా భాగం మన ఒంటి నుంచే పోతుంది. జులై నెలలో, తెలంగాణలో, పళ్ళు టకటక కొట్టుకునేది అందుకే. ఈ దిగుడు కోసం నేను కొన్నది చేతుల్లేని పల్చటి గాలికోటు. మడిస్తే పిడికిట్లో ఇమిడి, జెర్సీ వెనక జేబులో పడి ఉంటుంది. చేతులు తడిసినా ఫర్వాలేదు, ఛాతీకి గాలి తగలకపోతే చాలు.

దానికి పదింతలు పెట్టి కొన్న వానకోటు కథ వేరు. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ ఒక రకం ప్లాస్టిక్ కడ్డీని వేడి చేసి ఒక్క గుంజు గుంజితే, కంటికి కనపడనంత సన్నటి రంధ్రాల పొరగా సాగింది. నీటిబొట్టును రానివ్వక, ఆవిరిని పోనిచ్చే కోట్ల వంశానికి ఆ పొరే మూలపురుషుడు. అయితే ఆవిరి బయటికి పోవాలంటే కోటు లోపల తేమ ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. చలిదేశాల వానలో ఆ తేడా బాగా ఉంటుంది. మన ముసురులో బయటి గాలి వెచ్చగా, అప్పటికే తేమతో నిండి ఉంటుంది. కొండెక్కేవాడి చెమట మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

మన్నెగూడ దగ్గర ఒక మర్రిచెట్టు కింద ఆగి కోటు జిప్పు తీస్తున్నాను. పక్కనే గొర్రెల్ని నిలేసుకుని, గొంగడి మూల మడిచి నెత్తి మీద వేసుకున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

“కోటేసుకొని గూడ తడిసినవేంది సారూ?”

“వానకు గాదు తాతా, చెమటకు.”

“మల్ల గదెందుకు ఏసుకున్నవ్?”

జవాబు నా దగ్గర లేదు కానీ ఆయన భుజాల మీదే ఉంది. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడి అది. ఉన్నిపోగు తన బరువులో దాదాపు మూడోవంతు తేమ తాగినా ఒంటికి తడి అనిపించదు. ఉన్నిలో మిగిలిన సహజమైన కొవ్వు వల్ల చినుకు పైపైనే జారిపోతుంది. తడిసినా లోపలి వెచ్చదనం పూర్తిగా పోదు. సైకిళ్ళ దుకాణంలో మెరీనో బనీను పేరుతో అమ్మేది ఈ గుణాన్నే, పోగు మాత్రం సన్నం. దక్కనీ ఉన్ని ముతక కాబట్టి ఒంటికి ఆనేలా తొడగలేం. అందుకని నేను మెరీనో కొన్నాను. మన వానలో తడవకుండా సైకిలు తొక్కడం కుదిరే పని కాదు. అందుకే ఏది కొన్నా ఇప్పుడు దుకాణంలో నేనడిగే ప్రశ్న ఒకటే: తడిశాక ఇది పనిచేస్తుందా?

ఆ ప్రశ్నకి మొదటి పరీక్ష చేవెళ్ళ రోడ్డు మీదే. నదికి కాస్త ఎడంగా మన్నెగూడ నుంచి అప్పా జంక్షన్ దాకా సాగే ఈ 46 కి.మీ. దారిలో దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేస్తారని తెలిసి, నగరవాసులు కొందరు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. మర్రి కింద వాన ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ఆగుతుంది. ఆకాశం తేటపడ్డాక కూడా ఊడల నుంచి చాలాసేపు బొట్లు రాలుతూనే ఉంటాయి. రాలిన మర్రిపళ్ళు లారీల కింద నలిగి, తడి తారు మీద జారుడు పూత పూస్తాయి. సన్నటి 25 మి.మీ. టైర్ల మీద ఇక్కడ ప్రతి మలుపూ దేవుడి దయే. 32 మి.మీ. టైర్లు వేసి గాలి కొంచెం తగ్గిస్తే రబ్బరు నేలను ఎక్కువగా పట్టుకుంటుంది. వేగం తగ్గుతుందని భయపడ్డాను కానీ, గతుకుల మీద కుదుపు తగ్గి అలసటే తగ్గింది.

గండిపేటలో మూసీ మొదటిసారి చెరువంత వెడల్పు అవుతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద నగరాన్ని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన పథకం ప్రకారం 1920కి మూసీ మీద ఇక్కడి ఉస్మాన్ సాగర్, 1927కి దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఇక్కడికి దగ్గర్లోనే ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో మొదలైన 23 కి.మీ. సైకిలు దారి ఉంది. దాని కప్పంతా సౌరఫలకాలే. ఎండ పడదు, వాన పడదు, బస్సు అడ్డం రాదు. పిల్లలకి సైకిలు నేర్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. సామానుకి పరీక్ష పెట్టాలంటే మాత్రం కప్పు దాటి రావాల్సిందే.

ఆ పరీక్ష నగరంలో సాయంత్రం పూట జరుగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చి, ఆఫీసులు వదిలే వేళకి కుండపోత. వాన మొదలైన తొలి పది నిమిషాలూ అన్నిటికన్నా ప్రమాదం. వాహనాలు కార్చిన నూనె, దుమ్ము కలిసి తేలతాయి. తెల్ల గీతలూ మ్యాన్‌హోలు మూతలూ అద్దంలా జారతాయి. జంట జలాశయాల గేట్లెత్తితే మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ దగ్గర నీళ్ళు వంతెనల ఎత్తుకి వస్తాయి, దారులు మూస్తారు. లోతు తెలియని నీళ్ళలోకి చక్రం దించకూడదన్న నియమానికి బదులుగా కొనుక్కునే వస్తువేదీ లేదు. కొనాల్సినవి మూడున్నాయి: పగలు కూడా మిణుకుమనే వెనక లైటు, తెల్లద్దాల కళ్ళజోడు, మడ్‌గార్డులు.

ఖరీదైన రేసు సైకిళ్ళకి మడ్‌గార్డులుండవు. 1578 నాటి పురానాపూల్ మీదుగా పాల క్యాన్లు కట్టుకుపోయే పాత నల్ల సైకిలుకి రెండు చక్రాలకీ ఉక్కు మడ్‌గార్డులుంటాయి, గొలుసుకి పూర్తి కవరుంటుంది. మా సైకిళ్ళకి మేము వేలు పోసి విడివిడిగా తగిలించుకునేవి దానికి పుట్టుకతోనే వచ్చాయి. ఒక్క బ్రేకుల దగ్గరే అది ఓడుతుంది. రిమ్ముని పట్టే బ్రేకు, తడి తుడుచుకుపోయేదాకా పట్టదు. వానలో డిస్కు బ్రేకు పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది.

నాగోలు దాటాక మూసీ నురగలు కక్కుతుంది. ప్రతాపసింగారం వైపు ఆ మురుగునీటితోనే వరి, గేదెల గడ్డి పండుతాయి. రోడ్డు మీద నిలిచిన నీళ్ళు ఏ నీళ్ళో తెలిశాక, మడ్‌గార్డు అలంకారమా అవసరమా అన్న చర్చ ముగిసిపోతుంది. నీళ్ళసీసా మూతి మీద కూడా మూత కావాలి. గొలుసుకి ఇక్కడ రెండు కష్టాలు: చిక్కటి నూనె వేస్తే ఎండిన రోజు దుమ్మంతా అంటుకుని ముద్దవుతుంది. మైనం రకం వేస్తే ఒక్క వానకి కొట్టుకుపోతుంది. జూన్‌లో చిక్కటిది, దీపావళి దాటాక మైనం రకం అని కాలాన్ని బట్టి మార్చుకోవడమే దారి. చలికాలం తెల్లవారుజామున ఈ తడిపొలాల మీద మంచు దట్టంగా కమ్ముతుంది. రెండు వందల కి.మీ.లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాల్సిన, బ్రెవేలనే దూరపు సైకిలు యాత్రల్లో మెరిసే జాకెట్టు తప్పనిసరి అన్న నిబంధన ఎందుకుందో ఆ మంచులో అర్థమవుతుంది.

పిల్లాయిపల్లి, పోచంపల్లి, వలిగొండ. ఇక్కణ్ణుంచి వాన బాధ తగ్గి, ఎండ బాధ మొదలు. నల్లగొండ ఏప్రిల్, మే నెలల్లో పాలిస్టర్ జెర్సీ చెమటను వెంటనే ఆరబెడుతుంది. ఆ ఎండకి ఒంటికి కావాల్సింది వెంటనే ఆరడం కాదు, నెమ్మదిగా ఆరడం. నదికి దక్షిణాన పుట్టపాకలో ఇప్పటికీ తేలియా రుమాళ్ళు నేస్తారు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలుని నానబెట్టి తీస్తారు కనుక ఎండలో తలని చల్లగా ఉంచుతుందని పేరు. పశువుల కాపరులూ జాలరులూ తలకి చుట్టుకున్న గుడ్డ అది. ఇప్పుడు దాని ధర రోజూ చెమటతో తడిపేంత చవక కాదు. నేను మామూలు నూలు తువ్వాలనే తడిపి మెడకి చుట్టుకుంటాను. సాయంత్రానికి గాలివాన లేచి వడగళ్ళు రాలితే, అదే తువ్వాలు మడతపెట్టి హెల్మెట్ కింద పెట్టుకోవచ్చు.

సోలిపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు గేట్లు, ఆ పక్కనే విజయవాడ జాతీయరహదారి. రోడ్డంచున పేలిన లారీ టైర్ల ఇనప తీగలు, కాలువ గట్ల మీద తుమ్మముళ్ళు. వాన పడ్డాక పంక్చర్లు పెరుగుతాయి, నీళ్ళు రబ్బరుని జారుడుగా చేసి గాజుముక్కకి దారి సులువు చేస్తాయి. ఇక్కడ చేతిపంపూ రెండు ట్యూబులూ ఏ జాకెట్టుకన్నా విలువైనవి.

వాడపల్లిలో అగస్త్యేశ్వరుడి గుడి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. వంతెన దాటితే పొందుగుల, ఆంధ్రప్రదేశ్. వర్షాకాలంలో ఇక్కడి దాకా వచ్చిన వాడికి తన కాళ్ళ మీద గొప్ప నమ్మకం కలుగుతుంది. నది తూర్పుకి దిగుతుంది, నైరుతి గాలి పడమటి నుంచి వీపు మీద నెడుతుంది. దిగుడూ తోపుడూ రెండూ ఉచితం. సైకిలు తిప్పితే అసలు లెక్క బయటపడుతుంది. గాలి నిరోధం ఎదురయ్యే వేగానికి వర్గంలో పెరుగుతుంది. ఈ చిక్కుకి జవాబుగా దుకాణాల్లో కార్బన్ ఏరో చక్రాలు అమ్ముతారు. నేను వాటి ధర అడిగి, మిర్యాలగూడ స్టేషను దాకా తొక్కి, సైకిల్ని లగేజీ కింద బుక్ చేసి సికింద్రాబాదు రైలెక్కాను. ఆ చక్రాల డబ్బుతో ఈ టికెట్టు జీవితాంతం కొనుక్కోవచ్చు.