హాల్ టికెట్ ఫోటో

2023లో పీజీ ప్రవేశ పరీక్ష రాయడానికి వెళ్ళినప్పుడు గేటు దగ్గర నన్ను ఆపేశారు. నా వెనక వచ్చినవాళ్ళందరూ లోపలికి వెళ్ళిపోతున్నారు. అక్కడున్న సార్ హాల్ టికెట్‌ను, ఆధార్ కార్డును, నా ముఖాన్ని మార్చి మార్చి చూసి "ఈ ముగ్గురూ ఒక్కరేనంటావా?" అన్నారు. ఆధార్‌లో నేను బొగ్గులా ఉన్నాను. హాల్ టికెట్‌లో పాలల్లో ముంచి తీసినట్టున్నాను. చివరికి నా సంచిలో ఉన్న పదో తరగతి సర్టిఫికెట్ కాపాడింది. గుర్తింపు చిహ్నాల దగ్గర కుడి చెంప మీద పుట్టుమచ్చ అని రాసి ఉంది. ఆ మచ్చ నా చెంప మీద ఉంది గానీ ఫోటోలో లేదు. స్టూడియో అతను నన్ను తెల్లగా చేస్తూ దాన్నీ తుడిచేశాడు. పది నిమిషాల తర్వాత లోపలికి పంపారు. మొదటి నాలుగు ప్రశ్నలు ఎలా చదివానో నాకే తెలియదు.

ఆ ఫోటోకు డబ్బులిచ్చింది నేనే. తీసుకున్నరోజు చూసుకుని మురిసిపోయాను కూడా. ఈ మాట దాచుకోవడం ఎందుకు?

అంతకుముందు మా మేనమామ కూతురి పెళ్ళి ఆల్బం వచ్చినప్పుడు మా అమ్మ ఒక పేజీ దగ్గర ఆగి "ఇదెవరురా? ఇట్టాంటి ఆడమనిషి మనోళ్ళలో లేదే" అంది. అది అమ్మే. చీరను బట్టి గుర్తుపట్టాం. అప్పుడందరం నవ్వాం. గేటు దగ్గర నిలబడ్డాక మాత్రం ఆ నవ్వు గుర్తొచ్చింది.

మన హాస్టల్‌లోనే చదివిన ఒక అన్న పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసేవాడు. సెలవుల్లో లైటు పట్టుకోవడానికి నన్ను తీసుకెళ్ళేవాడు. అలా కూడబెట్టిన 7,500 రూపాయలతో పాత కెనాన్ 1100డి కొన్నాను. 2011లో వచ్చిన మోడల్, 12 మెగాపిక్సెళ్ళు. ఈనాటి ఫోన్ల మీద రాసే అంకెల ముందు అదెంత? కానీ సెన్సారు పెద్దది కాబట్టి మసక వెలుతురులో కూడా ముఖం నలిగిపోకుండా వస్తుంది. పాత కెమెరా కొనేవాళ్ళు లెన్సును ట్యూబులైటుకు ఎదురుగా పెట్టి లోపలికి చూడండి. సాలెగూడులాంటి చారలుంటే బూజు పట్టిందని అర్థం, వదిలేయండి. అయినా కెమెరా కొనిపెట్టమని ఇంట్లో మాత్రం అడగొద్దు తమ్ముళ్ళూ. నేను కింద చెప్పేదంతా ఫోన్‌తోనూ చేయొచ్చు.

కెమెరా మనల్ని నల్లగానో తెల్లగానో ఎందుకు తీస్తుంది? నేను చదివేది ఫిజిక్స్ కాబట్టి ఇది తెలుసుకోకుండా ఉండలేకపోయాను. కెమెరాలోని మీటరుకు ముఖమేదో గోడేదో తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి మధ్యస్థమైన బూడిదరంగు అనుకుంటుంది, అంటే పడిన వెలుగులో సుమారు 18 శాతం తిప్పి పంపే రంగు. తెల్లగోడ ముందు మనల్ని నిలబెడితే 'అబ్బో, వెలుగు ఎక్కువైంది' అనుకుని తగ్గించేస్తుంది. గోడ బూడిదరంగవుతుంది, మన ముఖం బొగ్గవుతుంది. పాస్‌పోర్టు ఫోటోకు తెల్ల బ్యాక్‌గ్రౌండే కావాలంటారు కదా, చిక్కంతా అక్కడే. ఈ మధ్య కెమెరాలు, ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటున్నాయి గానీ అన్నిసార్లూ కాదు.

దీనికి మందు కెమెరాలోనే ఉంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. తెల్లగోడ ముందు ప్లస్ ఒకటి దాకా పెంచండి. ఫోన్‌లోనైతే ముఖం మీద వేలుపెట్టి తాకితే చాలా ఫోన్లలో చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి జరపండి. ముఖమే ఫ్రేము నిండా ఉంటే సంగతి తిరగబడుతుంది. అప్పుడు కెమెరా మన చామనఛాయను కూడా బూడిద చేయబోతుంది, ముఖం పాలిపోతుంది. కొంచెం మైనస్ చేయాలి.

ఈ గొడవ మనొక్కరిదే కాదు. ఫిలిం రోజుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం బాగా వస్తే అన్నీ బాగున్నట్టే లెక్క! నల్లజాతి, ఆసియా స్త్రీలు కూడా ఉన్న కార్డు 1990లలో గానీ రాలేదు. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్‌లో నల్లని ముఖాలు ఉన్నట్టుగా రావడానికి 'రియల్ టోన్' అనే ఏర్పాటు పెట్టింది. ఇంత ఆలస్యంగానా అని కోపమొస్తుంది నాకు.

వెలుతురు విషయానికొస్తే ఫ్లాష్ జోలికి పోవద్దు. నుదురు మీద నూనె రాసినట్టు మెరుపు, వెనక గోడ మీద నల్లటి నీడ పడతాయి. ఎండ నేరుగా పడని వరండాలో ఆకాశం వైపు ముఖం పెట్టి నిలబడితే చాలు. దుప్పటికి మూడడుగులు ముందు మనిషి, మనిషికి అయిదారడుగుల దూరంలో కెమెరా. దగ్గరకొస్తే ముక్కు పెద్దదవుతుంది. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఉంటే తప్పక ఆపేయండి. నా పుట్టుమచ్చ లాంటివి అదీ మాయం చేస్తుంది.

కంప్యూటర్‌లో దిద్దడానికి జింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 1996 నుంచీ ఉంది. 3.5, 4.5 సెంటీమీటర్ల ఫోటోకు 300 డీపీఐ లెక్కన 413, 531 పిక్సెళ్ళు పెట్టి కత్తిరించండి. అప్లికేషన్‌లో ఇన్ని కేబీలే ఉండాలంటే జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు క్వాలిటీ అంకె తగ్గించుకోవచ్చు. లెవెల్స్‌తో వెలుగు కొద్దిగా సర్దడం తప్పు కాదు. సర్దాక ఫోటోను ముఖం పక్కన పట్టుకుని చూడండి. స్టూడియోలో దిగినా అంతే, కంప్యూటర్ దగ్గరే నిలబడి "రంగు మార్చొద్దన్నా" అని అడగండి. మొహమాటం వద్దు.

మొన్న సంక్రాంతికి మా అమ్మను గడపలో కూర్చోబెట్టి తీశాను. మిరపకోతల నుంచి అప్పుడే వచ్చింది. కెమెరా వెనక తెరమీద చూసుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముడతలు కూడా పడ్డాయే" అంది. ఇంకాసేపాగి "నేనే. కానీ ఈ చీరలో ఎందుకు తీశావురా, మంచిది కట్టుకుంటా ఉండు" అని లోపలికి పోయింది. రెండు ఫోటోలూ ఉన్నాయి. మొదటిదే ఫ్రేము కట్టించాను. అమ్మకు ఇప్పటికీ కోపమే.

వార్షికోత్సవం రోజు పొద్దున ఎనిమిదింటికి మన హాస్టల్ ఉత్తరం వైపు వరండాలో ఉంటాను. పదో తరగతి తమ్ముళ్ళు ముందు రండి, మీ పరీక్ష ఫోటోలు ఆ రోజే తీసి పెన్‌డ్రైవ్‌లో వార్డెన్ గారికి ఇస్తాను. తెల్ల దుప్పటి ఉతికి నేనే తెస్తాను. పౌడర్ మాత్రం పూసుకుని రావద్దు.