మన మెయిలు పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?



మేము డబ్లిన్‌లో ఒక క్లీనింగ్ కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో గుమాస్తాలం. రాత్రిపూట ఆఫీసులు, షాపులు తుడిచేవాళ్లకు డ్యూటీలు వేయడం, గంటలు లెక్కకట్టడం, సెలవు కాగితాలు భద్రపరచడం మా పని. ఇంటర్ దాకా చదువుకున్నాం, అంతే. కంప్యూటర్ చదువు ఎవరికీ లేదు. అయినా ఆఫీసు మెయిలు పెట్టెను కొత్త ప్రోగ్రాముతో కలిపే పని మా నెత్తిన పడింది. పనివాళ్లు పంపే మెయిళ్లు వాటంతటవే ఆ ప్రోగ్రాములోకి వెళ్లి, ఎవరి పేరు కింద వాళ్ల ఉత్తరం కనపడాలి. ఇదీ యజమాని కోరిక.

క్యాంపులో ఉండేవాళ్లకు ఈ గొడవ ఎందుకు అని పేజీ తిప్పేయకండి. మీ వీసా కాపీ, ఆఫర్ లెటరు, విమానం టిక్కెట్టు ఇప్పుడు ఎక్కడికి వస్తున్నాయి? మెయిలుకే కదా. ఆ మెయిలు ఖాతా తెరిచింది ఎవరు? ఊళ్లో ఏజెంటా, సెల్‌ఫోన్ షాపు కుర్రాడా, క్యాంపులో పక్క మంచం అన్నా? మా ఆఫీసులో జరిగింది చెబితే ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నామో మీకే తెలుస్తుంది.

మొదట మెయిలు ఎక్కడ ఉంటుందో చెప్పుకోవాలి. మనకు వచ్చిన మెయిలు మన ఫోనులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు ఉండేది కంపెనీవాళ్ల గిడ్డంగిలో, సర్వర్ అనే యంత్రంలో. మన ఫోను దానికి కిటికీ లాంటిది. అలాంటి గిడ్డంగులు ఈ డబ్లిన్ చుట్టూ బోలెడున్నాయి. 2013 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఒక కేసులో మైక్రోసాఫ్ట్‌ను మెయిళ్లు ఇమ్మని కోర్టు వారంటు తెచ్చింది. ఆ మెయిళ్లు డబ్లిన్ గిడ్డంగిలో ఉన్నాయి, అమెరికా వారంటు ఇక్కడ చెల్లదు అని కంపెనీ ఎదురు తిరిగింది. 2016 జులైలో అప్పీలు కోర్టు కంపెనీ మాటే నిలబెట్టింది. 2018 మార్చిలో అమెరికా కొత్త చట్టం చేసుకుంది, ఆ దావా అక్కడితో ముగిసింది. గొడవ మధ్యలో, 2014 ఫిబ్రవరిలో, ఆ కంపెనీకి పెద్ద అయినవాడు మన హైదరాబాద్ సత్య నాదెళ్లే. సరే, అది పెద్దవాళ్ల సంగతి. మెయిలుకు ఒక చోటు ఉంది, తలుపు ఉంది, తాళం ఉంది అని తెలిస్తే చాలు.

ఆ తలుపు దగ్గరికి వెళ్లి ఉత్తరాలు తెచ్చే పద్ధతులు పాతకాలం నుంచి రెండున్నాయి. ఒకటి పాప్. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం మన చేతికిచ్చి వెళ్లిపోయినట్టు. సాధారణంగా మెయిలు మన కంప్యూటర్లోకి దిగాక గిడ్డంగిలో చెరిగిపోతుంది, ఉంచమని చెబితే తప్ప. రెండోది ఐమ్యాప్. 1986లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. ఇది పంచాయతీ ఆఫీసు రిజిస్టరు లాంటిది. పుస్తకం అక్కడే ఉంటుంది, ఎంతమందైనా వచ్చి చూసుకోవచ్చు. ఒకరు చదివామని టిక్కు పెడితే, తర్వాత వచ్చినవాళ్లకూ ఆ టిక్కు కనపడుతుంది.

మా కొత్త ప్రోగ్రాము ఐమ్యాప్ పద్ధతిది. అయిదేసి నిమిషాలకు ఒకసారి వెళ్లి కొత్త మెయిలు ఉందా అని చూసి, ఉంటే కాపీ తెచ్చుకుంటుంది. దెబ్బ తగిలింది ఆ టిక్కు దగ్గరే.

మా పనివాళ్లలో నిజామాబాద్ వైపు తమ్ముడు ఒకడున్నాడు. ఇక్కడ చదువుకుంటూ వారానికి 20 గంటలు రాత్రి డ్యూటీ చేస్తాడు. జ్వరం వచ్చి మూడు రాత్రులు రాలేదు. డాక్టరు సర్టిఫికెట్ ఫోటో తీసి మెయిలు చేశాడు. తర్వాతి వారం జీతంలో ఆ మూడు రోజులు సున్నా. ఫోను చేశాడు.

"అన్నా, నా మూడు దినాల పైసలు పడలే. డాక్టర్ కాగితం మంగళవారమే పంపిన గదా."

"మంగళవారమా? ఏ మెయిలు నుంచి పంపినవ్ తమ్మీ?"

"నాదే అన్నా. ఫోన్ మార్చిన, కొత్త మెయిల్ పెట్టుకున్న."

వెతికితే దొరికింది. మెయిలు వచ్చింది, కానీ చదివేసినట్టు గుర్తు పడి ఉంది. మనుషులెవరూ చదవలేదు, చదివింది ప్రోగ్రాము. ఐమ్యాప్‌లో ఉత్తరం తెచ్చే ఆజ్ఞలు రెండు రకాలు. ఒకటి తెస్తూనే టిక్కు పెట్టేస్తుంది. ఇంకోటి ఊరికే తొంగిచూసి వస్తుంది, గుర్తు పడదు. ప్రోగ్రాము రాసిన కుర్రాడు మొదటిది వాడాడు. పోనీ తెచ్చిన కాపీ అయినా తమ్ముడి పేరు కింద చేరిందా అంటే అదీ లేదు. మెయిలు చిరునామా కొత్తది కాబట్టి 'ఎవరో తెలియదు' అనే మూలలో పడేసింది. ఇటు ఇన్‌బాక్సులో కొత్త ఉత్తరం కాదు, అటు ప్రోగ్రాములో ఎవరి ఉత్తరమూ కాదు.

ఆ ఉత్తరం విలువ ఎంతో చెబుతాం. ఐర్లండ్‌లో 2023 జనవరి 1 నుంచి జబ్బు సెలవు జీతం చట్టమైంది. మొదటి ఏడాది 3 రోజులు, 2024 జనవరి 1 నుంచి ఏడాదికి 5 రోజులు. రోజు జీతంలో 70 శాతం, ఎక్కువలో ఎక్కువ రోజుకు 110 యూరోలు యజమాని ఇవ్వాలి. 13 వారాలు పనిచేసి ఉండాలి, డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. పార్ట్ టైమ్ వాళ్లకూ ఇది వర్తిస్తుంది. అంటే ఆ మెయిలు కనపడకపోతే హక్కు ఉన్నా డబ్బు రాదు. మెయిలు దొరికింది కాబట్టి తర్వాతి వారం తమ్ముడి డబ్బు పడింది. మెయిలు చేశాక ఫోను చేసి 'అందిందా' అని అడిగే అలవాటు ఉన్నవాణ్ణి అనుమానపు మనిషి అని నవ్వుతారు. మాకైతే ఇప్పుడు అలాంటివాళ్లంటేనే గౌరవం.

ఆ కుర్రాణ్ణి పిలిపించి తొంగిచూసే ఆజ్ఞ పెట్టించాం. 'ఎవరో తెలియదు' అనే మూల రోజూ ఉదయం మొదటి తెరలోనే కనపడేలా చేయించాం. ఇక రెండో పంచాయతీ మొదలైంది. అది పాస్‌వర్డు గురించి.

అంతకుముందే అతను మమ్మల్ని అడిగిన మాట, "మెయిలు పాస్‌వర్డు ఇచ్చేయండి, ప్రోగ్రాములో రాసి పెడతా" అని. మేము ఒప్పుకోలేదు. ఆ పెట్టెలో మూడొందల మంది పాస్‌పోర్టు కాపీలు, బ్యాంకు నంబర్లు, జబ్బు కాగితాలు ఉన్నాయి. పాస్‌వర్డు ఇవ్వడం అంటే ఇంటి తాళంచెవి ఇవ్వడం. వంటగది చూపించమంటే బీరువా కూడా తెరుచుకుంటుంది. తిరిగి తీసుకోవాలంటే తాళమే మార్చాలి, అప్పుడు ఇంట్లో అందరికీ కొత్త తాళంచెవులు చేయించాలి.

జీమెయిల్ కూడా మా పక్షానే ఉంది. మామూలు ఖాతాల్లో ఉత్త పాస్‌వర్డుతో బయటి ప్రోగ్రాములు లోపలికి రావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. మైక్రోసాఫ్ట్ కంపెనీల ఖాతాల్లో 2022 అక్టోబరు నుంచి, ఇంట్లో వాడే అవుట్‌లుక్ ఖాతాల్లో 2024 సెప్టెంబరు 16 నుంచి ఆపింది. దాని బదులు వచ్చింది ఓఆత్ అనే పద్ధతి. మా భాషలో అనుమతి చీటీ. ప్రోగ్రాము మన పాస్‌వర్డు చూడదు. మనల్ని గూగుల్ తలుపు దగ్గరికే పంపుతుంది. అక్కడ మనం లోపలికెళ్లి, ఫలానా ప్రోగ్రాము ఫలానా పని చేసుకోవచ్చు అని ఒప్పుకుంటాం. గూగుల్ దానికి చీటీ రాసిస్తుంది. వద్దనుకుంటే చీటీ చింపేయొచ్చు, తాళం మార్చక్కర్లేదు.

కానీ చీటీలో ఏం రాసి ఉందో చదవాలి. కుర్రాడు మొదట తెచ్చిన చీటీలో, మీ మెయిళ్లన్నీ చదవడం, రాయడం, పంపడం, శాశ్వతంగా చెరిపేయడం అని ఉంది. చదివి కాపీ తెచ్చుకునే ప్రోగ్రాముకు చెరిపే హక్కు ఎందుకు? అడిగితే, "ఐమ్యాప్ వాడాలంటే గూగుల్ దగ్గర ఆ ఒక్క చీటీయే ఉంది" అన్నాడు. అది నిజమే. అయితే గూగుల్‌కు ఐమ్యాప్ కాకుండా సొంత దారి ఒకటుంది, అందులో చూడటానికి మాత్రమే అనే చీటీ దొరుకుతుంది. పని ఎక్కువని గొణిగాడు కానీ చివరికి ఆ దారికే మార్చాడు.

మార్చాక కూడా ఒక తమాషా. వారానికోసారి మెయిళ్లు రావడం ఆగిపోయేది. సోమవారం కలిపితే మళ్లీ సోమవారానికి మూగబోయేది. దెయ్యం పట్టిందా అనుకున్నాం. చూస్తే, ప్రోగ్రామును గూగుల్ దగ్గర 'ఇంకా పరీక్షలో ఉంది' అని నమోదు చేసి వదిలేశాడు. అలాంటి ప్రోగ్రాముకు ఇచ్చిన చీటీకి 7 రోజులే ఆయుష్షు. నమోదు మార్చాక ఆ పీడ పోయింది. మెయిలు పాస్‌వర్డు మారిస్తే కూడా ఈ చీటీ చెల్లకుండా పోతుంది. అది మంచికే.

ఒప్పుకునే ముందు చదవాలని మేము పట్టుబట్టడానికి ఈ దేశంలోనే ఒక కారణం ఉంది. గామా అనే టర్కీ నిర్మాణ కంపెనీ ఇక్కడ రోడ్లూ ఇళ్లూ కట్టడానికి తన దేశం నుంచి కూలీలను తెచ్చింది. వాళ్లు కంపెనీ ఇచ్చిన బసల్లో ఉండేవాళ్లు, మన క్యాంపుల్లాగే. 2005 ఫిబ్రవరిలో జో హిగ్గిన్స్ అనే సభ్యుడు వాళ్ల సంగతి ఐర్లండ్ పార్లమెంటులో లేవనెత్తాడు. చేతికి గంటకు రెండు మూడు యూరోలే వస్తున్నాయని ఆరోపణ. తీరా తవ్వితే వాళ్ల పేర్ల మీద ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫినాన్స్‌బ్యాంక్ ఖాతాలు బయటపడ్డాయి. తమ పేరు మీద అలాంటి ఖాతాలున్నాయనే తమకు తెలియదని కూలీలు చెప్పారు. పని ఆపి డబ్లిన్ వీధుల్లోకి వచ్చి పోరాడారు. తన పేరు మీద ఖాతా ఉండటం వేరు, దాని తలుపు తన చేతిలో ఉండటం వేరు. బ్యాంకుకైనా మెయిలుకైనా ఇదే లెక్క.

ఇప్పుడు మీ ఫోను తీయండి. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో మీ ఖాతా, అందులో సెక్యూరిటీ అనే భాగం. మీ ఖాతా ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో అక్కడ పట్టిక ఉంటుంది. ఊళ్లో షాపువాడి కంప్యూటరు అందులో ఉంటే తీసేయండి. మీరు ఏయే ప్రోగ్రాములకు చీటీ ఇచ్చారో కూడా అక్కడే ఉంటుంది. గుర్తుపట్టని పేరుంటే చింపేయండి. తర్వాత పాస్‌వర్డు మార్చండి. పక్క మంచం అన్న మంచివాడే కావచ్చు, పాస్‌వర్డు మాత్రం టైపు చేసేది మీరే అయి ఉండాలి. చదువు రానివాళ్లు నమ్మకమైనవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలు మాత్రం తమ వేలితో తామే నొక్కండి.

పాస్‌వర్డు మార్చినా పోని దొంగదారి ఇంకొకటుంది. మీ మెయిలుకు వచ్చే ప్రతి ఉత్తరం కాపీ ఇంకో చిరునామాకు వెళ్లేలా ఎవరైనా పెట్టి ఉంచవచ్చు. దాన్ని ఫార్వర్డింగ్ అంటారు. ఇది ఫోనులోని జీమెయిల్‌లో కనపడదు. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అనే పేజీ, దాంతోపాటు ఫిల్టర్ల పేజీ చూడాలి. మీది కాని చిరునామా అక్కడ ఉంటే తీసేయండి.

ఐర్లండ్‌లో, యూరప్‌లో పనిచేసే మనవాళ్లకు ఇంకో సాధనం ఉంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ మీ గురించి దాచుకున్న సమాచారం కాపీ ఇమ్మని రాతపూర్వకంగా అడగవచ్చు. సాధారణంగా నెలలోపు, ఉచితంగా ఇవ్వాలి. మీ గురించిన మెయిళ్లు, మా ప్రోగ్రాములో ఉన్న కాపీలు కూడా ఇందులోకి వస్తాయి. ఇవ్వకపోతే డబ్లిన్‌లో డేటా ప్రొటెక్షన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. మేము గుమాస్తాలం కాబట్టి ఇలాంటి కాగితం వస్తే పని పెరిగేది మాకే. అయినా అడగండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు తప్పక చూసుకోవాల్సింది ఇంకోటి, పాస్‌వర్డు మరిచిపోతే కోడ్ వెళ్లే ఫోను నంబరు. చాలామందికి అది ఊళ్లో వాడిన పాత నంబరే. రీచార్జి లేక ఆ సిమ్ రద్దయితే, 90 రోజుల తర్వాత కంపెనీ ఆ నంబరును వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు. అప్పుడు మీ కోడ్ ఎవరి ఫోనుకు వెళ్తుందో చెప్పలేం. ఇప్పుడు మీ చేతిలో ఉన్న నంబరు పెట్టుకోండి, దేశం మారినప్పుడల్లా మార్చుకోండి. రెండేళ్లు ముట్టని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది. పాత ఆఫర్ లెటరు, పాత జీతం లెక్కలు అలాంటి ఖాతాలో ఉన్నవాళ్లు ఈ శుక్రవారమే ఒకసారి తెరిచి, ఆ కాగితాలు ప్రింటు తీయించి పెట్టెలో పెట్టుకోండి.