రెండిండ్ల బిడ్డ

దంపతుల యెడబాటును గూర్చి మన యిండ్లలో నెవ్వరును బిగ్గరగా మాటాడరు. మహానందీశ్వరుని సన్నిధిని పడు ముడులను జూచుట కందఱమును పోవుదుము. విడిన ముడిని గూర్చి మాత్రము మౌనము వహింతుము. మనము మౌనము వహించినంత మాత్రమున బిడ్డల యాకలి యాగదు గదా! వేఱైన తల్లిదండ్రుల యొద్ద బిడ్డ సగము దినముల చొప్పున పెరుగు నేర్పాటు ఇప్పుడు కొన్ని కుటుంబములందు గానవచ్చుచున్నది. అట్టి బిడ్డ పోషణవ్యయమును వా రెట్లు పంచుకొనవలెనను విషయమును సోదరీమణుల ముందుంచుచున్నాను.

నా బంధువులలో నొకామె మహానందిలో నుండి యుపాధ్యాయినిగా పనిచేయుచున్నది. ఆమెనుండి విడిపోయిన భర్త నంద్యాలలో నున్నాడు. ఎనిమిదేండ్ల కుమారుడు వారము తల్లియొద్ద, వారము తండ్రియొద్ద నుండి నంద్యాల బడిలో చదువుచున్నాడు. “దినములు సమానము గనుక నే నొక్క పైసయు నీయనక్కఱలేదు” అని తండ్రి వాదము. వినుట కిది న్యాయముగనే తోచును. కాని బడిజీతము, బస్సు, బట్టలు, మందులు అన్నియు తల్లి నెత్తిననే పడెను. పిల్లవాడు చెప్పులు తెగినను క్రొత్తవి యడుగుట మానెను. అడిగినచో నెవరి వంతని కలహము పుట్టునని వాని భయము!

చట్టము మాట చూతము. 1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తి చట్టము 20వ సెక్షను బిడ్డల పోషణభారమును తల్లిదండ్రు లిరువురిపైనను ఉంచినది. ఎవరి వంతెంతయో తెలుపు పట్టిక మన చట్టములలో లేదు. న్యాయాధిపతి యుభయుల స్థితిని, బిడ్డ యవసరములను జూచి నిర్ణయించును. తల్లియు దండ్రియు నుద్యోగస్థులైన యొక వ్యాజ్యమున 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు, ఒక్కొక్క బిడ్డకు నెలకు 3,000 రూపాయలు కావలెనని యెంచి, తండ్రి రెండు పాళ్లును తల్లి యొక పాలును భరింపవలెనని తీర్పు చెప్పెను. 2020 నవంబరు 4వ తేదీని అదే న్యాయస్థానము, మనోవర్తి వ్యాజ్యములందు ఉభయులును తమ యాదాయమును, ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రమున తెలుపవలెనని యాదేశించెను. బ్రిటనులో మాత్రము, 2012వ సంవత్సరపు నిబంధనల ననుసరించి, దినపాలన సరిసమానమైనచో నొకరు రెండవవారికి చెల్లింపనక్కఱలేదు. మన న్యాయస్థానము చూపిన పాళ్ల మార్గమే బిడ్డకు మేలని నా తలంపు.

ఏలయన, ఈ లెక్క చూడుడు. తండ్రి జీతము నెలకు 60,000, తల్లిది 30,000, బిడ్డ వ్యయము మొత్తము 18,000 అనుకొందము. జీతములను బట్టి తండ్రి వంతు 12,000, తల్లి వంతు 6,000. అన్నపానాదులకు ప్రతి యింటను 6,000 చొప్పున అగును. మిగిలిన 6,000 బడిజీతము మొదలగునవి. బిడ్డ యేయింట నున్నను వానిని ఒక్కరే కట్టుదురు. వానిని తల్లియే కట్టినచో నామె చేతినుండి 12,000, తండ్రి చేతినుండి 6,000 పోవును. వంతులు తలక్రిందులైనవి! తండ్రి నెలకు 6,000 తల్లికి పంపవలెను. లేదా ఆ బడిఖర్చులను తానే కట్టవలెను. దినములు సమమైనంత మాత్రమున భారము సమము గాదు.

మే మిట్టి లెక్కను నోటుపుస్తకమున వ్రాసి యుభయపక్షముల పెద్దలకు జూపితిమి. కొంత వాదము జరిగెను. తుదకు తండ్రి బడిజీతమును, మందుల వ్యయమును తాను కట్ట నొప్పుకొనెను. బస్సునకు, బట్టలకు కావలసిన సొమ్మును ప్రతినెల 5వ తేదీలోపల తల్లి బ్యాంకుఖాతాలో వేయుచున్నాడు.

సోదరీమణులారా! ఇట్టి యవస్థ మన యింటనో, పొరుగింటనో కలిగినచో మొదట కాగితము, కలము తీసికొనుడు. ఒక్కసారియే యగు ఖర్చులను వేఱుగ వ్రాయుడు. ఒప్పుదలను నోటిమాటగా విడువక న్యాయస్థానముచేత నుత్తరువు చేయించుకొనుడు. బిడ్డ పెరిగిన కొలది వ్యయమును పెరుగును. అట్టి యుత్తరువులను మార్చు నధికారము 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము 26వ సెక్షనున గలదు. సొమ్ము సంగతి బిడ్డచేత కబురంపకుడు. ఆ సొమ్ము తల్లికిచ్చు దానము గాదు, తండ్రిపై వేయు జుల్మానా గాదు. అది బిడ్డ సొత్తు. దంపతుల ఋణము తీరినను తల్లిదండ్రుల ఋణము తీరదు.