రోహిణి కార్తెలో వాలీబాల్

రోహిణి కార్తె వచ్చేసింది. కాలవలు కట్టేశారు. పదకొండు దాటితే చల్లపల్లి సెంటర్లో మనిషి కనపడటం లేదు. ఆవకాయ జాడీలకు వాసెన కట్టేశాం, రసాలు మాత్రం ధర దిగే దాకా ఆగుదామంటున్నారు ఇంట్లో.

ఈ వారం అసలు కబురు అమెరికాది. మే చివరి సోమవారం వాళ్ళకు మెమోరియల్ డే సెలవు. ఇలాంటి సెలవులు చూసుకునే తెలుగు సంఘాల వాళ్ళు వాలీబాల్ పోటీలు పెట్టుకుంటారు. సంఘాలూ సభలూ మనవాళ్ళకు కొత్త కాదు. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకట కృష్ణారావు గారు మన దివిసీమ మనిషే. ఆ తర్వాత రెండేళ్ళకు అమెరికాలో తానా అనే తెలుగు సంఘం పుట్టింది. సభలూ నాటకాలూ సరే, కుర్రాళ్ళకు బంతి కావాలిగా!

డల్లాస్‌లో పొద్దున తొమ్మిదింటి ఆట మనకు రాత్రి ఏడున్నరకు. మా పెద్దమ్మ సీరియల్ మానేసి ఫోన్లో కొడుకు ఆట చూసింది. 'వీడు ఎగరడేమిట్రా, పొట్ట పెంచాడా?' అని ఒకటే గోల. నెట్టు ఎత్తు 2.43 మీటర్లు. నలభై దాటినవాళ్ళకు అది ఏటికేడాది పెరుగుతున్నట్టే ఉంటుంది పాపం.

వాలీబాల్ మనవాళ్ళకు ఊళ్ళో అబ్బిన అలవాటు. ఫుట్‌బాల్ ఎందుకు కాదంటారా? అంత ఖాళీ నేల మన డెల్టాలో ఎక్కడిది? వరి కోయకముందే చేలో మినుములు చల్లేస్తాం, పనలు తీసేసరికి మొలక ఉంటుంది. అందులో బంతి తన్నితే రైతు మనల్ని తంతాడు. వాలీబాల్‌కు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చాలు. బడి ఆవరణలో రెండు గుంజలు పాతి, సున్నంతో గీత గీస్తే కోర్టు తయారు. ఆ ఆట పుట్టిందీ అమెరికాలోనే, 1895లో, మసాచుసెట్స్‌లోని హోల్యోక్‌లో. మనవాళ్ళు దాన్ని మళ్ళీ పుట్టింటికి తీసుకెళ్ళారన్నమాట.

అక్కడా పాత జబ్బే. ఆరుగురూ షాట్లు కొట్టేవాళ్ళే, లిఫ్టర్‌గా ఉండమంటే ఒక్కడూ ముందుకు రాడు. బంతి సరిగ్గా లేపేవాడు లేకపోతే ఎంత కొట్టేవాడైనా ఏం కొడతాడు? నన్నడిగితే ఆడవాళ్ళ త్రోబాల్ చూడాలి. ఏడుగురూ ఒకళ్ళ పేరు ఒకళ్ళు అరుచుకుంటూ, గీత దగ్గర రిఫరీతో తగువు పడుతూ ఆడుతుంటే మగవాళ్ళ ఆట చప్పగా అనిపిస్తుంది.

సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే, మళ్ళీ మూడు రోజుల సెలవు. అప్పటికి ఇక్కడ నాట్లు అయిపోయి ఉంటాయి. పెద్దమ్మ కొడుక్కి బొటనవేలు బెణికిందట, ఈలోగా స్కోరు రాసే పని ఇచ్చారు.