మూసేస్తారట!

ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టిన మాట, షిఫ్టు దిగిన మనిషికంటే ముందే ఇల్లు చేరుతుంది. 'మూసేస్తారట' అంటారెవరో. ఆ చివరి 'ట'కి ఎంత బలముందో మాలాంటి ఇళ్లలో అడగండి. మావారు పనిచేసేచోట ఆ మాట మూడు నెలలు తిరిగింది. అన్నాళ్లూ అమ్మాయి కాలేజీ ఫీజు గురించి ఇంట్లో ఎవరమూ నోరెత్తలేదు. చీటీ పాడదామనుకున్నవాళ్లం ఆగిపోయాం.

'ఉత్త పుకారులే' అని కొట్టిపారేద్దామా? ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లం రెండు రకాలూ చూశాం. చిత్తూరు విజయ డెయిరీ 2002లో నిజంగానే మూతపడింది. ఉద్యోగులతోపాటు పాలుపోసే పల్లెలూ దెబ్బతిన్నాయి. అక్కడ అమూల్‌కు భూమిపూజ జరిగేసరికి 2023 జులై వచ్చింది. కరకంబాడి, నూనెగుండ్లపల్లెల్లోని అమరరాజా బ్యాటరీ ప్లాంట్ల కథ వేరు. వాటిని మూసేయమని 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి ఉత్తర్వులిచ్చింది. వారం తిరిగేలోపే హైకోర్టు వాటిని తాత్కాలికంగా నిలిపేసింది. పని మళ్లీ సాగింది.

ఏది నిజమో తేలేదాకా ఆ బరువు మోసేది మాత్రం ఇల్లే. మావారు ఇప్పటికీ అదే డ్యూటీకి వెళ్తున్నారు. కానీ ఆ మూడు నెలల్లో నోటీసుబోర్డు మీద పైవాళ్లు రెండు ముక్కలు రాసుంటే ఎంత బాగుండేది! మూసేస్తామని చెబితే ఏడ్చయినా మరో దారి చూసుకుంటాం. 'మూసేస్తారట' అంటే ఏ దారి చూసుకోవాలి?