రాళ్లను అడగాలంటే మనిషి కావాలి

జర్మనీలో రోమన్ల కాలపు కట్టడాలు చూడదలచినవారు మొదట వెళ్లవలసిన ఊరు ట్రియర్. మోజెల్ నది ఒడ్డున, లక్సెంబర్గ్ సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కోబ్లెంజ్ మీదుగా ప్రాంతీయ రైళ్లలో వెళ్తే మూడు గంటలు దాటుతుంది. ప్రాంతీయ రైళ్లన్నిటికీ చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ చేతిలో ఉన్న ఇక్కడి మన విద్యార్థులకూ ఉద్యోగులకూ శని ఆదివారాల్లో పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరగల దూరమే. నల్లబడిన పోర్టా నీగ్రా ద్వారం, బజారు, కతీడ్రల్, ఎర్రటి రాజసభ, స్నానవాటికలు అన్నీ ఒకే నడకలో వస్తాయి. ఈ కట్టడాలను యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక్కోదాని ముందు నిలబడి ఫొటో దిగుతూ పోతే ఊరంతా మూడు గంటల్లో పూర్తవుతుంది. కానీ అలా చూస్తే ట్రియర్‌లో ముఖ్యమైనది కంటికి ఆనదన్నది నా నమ్మకం. ఇలాంటి చోట సొంతంగా ఒక గైడును మాట్లాడుకోవడాన్ని విలాసం కింద లెక్కగట్టకూడదు. టికెట్టుకూ భోజనానికీ పక్కన పెట్టినట్టే దీనికీ డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఎందుకో పోర్టా నీగ్రా దగ్గరే మొదలుపెట్టి చెబుతాను.

ఈ ద్వారానికి ఆనుకున్న నగరకుడ్యం పునాదిలో దొరికిన కలప వలయాలను లెక్కించి, క్రీ.శ. 170 ప్రాంతంలో కట్టడం మొదలైందని తేల్చారు. అంటే మన దగ్గర శాతవాహనుల పాలన సాగుతున్న కాలం. దగ్గరికి వెళ్లి రాళ్ల అతుకుల వెంట చూస్తే చెయ్యి పట్టేంత గుంటలు వరసగా కనిపిస్తాయి. చూడగానే ఫిరంగి గుళ్ల దెబ్బలేమో అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఈ ఇసుకరాతి దిమ్మెలను సున్నం పెట్టకుండా పేర్చి, ఇనుప బందులతో ఒకదానికొకటి బిగించి, బందులు కదలకుండా సీసం పోశారు. మధ్యయుగంలో లోహం కోసం జనం ఆ బందులను పెకలించుకుపోయారు. కొన్నిచోట్ల రాతి మొహం నున్నగా చెక్కి లేదు, పని మధ్యలో ఆపేసినట్టే ఉంటుంది. ఇంకాస్త పక్కకు నడిస్తే తూర్పు వైపున అర్ధవృత్తాకారపు కట్టడం ఒకటి ద్వారానికి అతుక్కుని ఉంటుంది. అది రోమన్లది కాదు. 11వ శతాబ్దంలో సిమియోన్ అనే గ్రీకు సన్యాసి ఈ బురుజులో ఏకాంతవాసం చేసి 1035లో కన్నుమూశాడు. ఆయన పేర ద్వారాన్ని రెండంతస్తుల చర్చిగా మార్చారు. కింది భాగం మట్టితో పూడిపోతే జనం మెట్లెక్కి పై అంతస్తులోకి వెళ్లేవారు. ఎనిమిది వందల ఏళ్లకు దగ్గరగా అది చర్చే. 1804లో నెపోలియన్ వచ్చి చూసి, చర్చిని తీసేసి రోమన్ ద్వారాన్ని బయటపెట్టమన్నాడు. ఈ రోజు మనం చూసి పురాతనమని మురిసిపోయే ఆ రూపం రెండువందల ఏళ్ల కిందట తీసుకున్న ఒక నిర్ణయం. ఇక్కడో చిక్కుంది. పాలకులు తీసేసిన చర్చే లేకపోతే ఈ ద్వారం అసలు మిగిలేదే కాదు. ట్రియర్‌కున్న తక్కిన రోమన్ నగర ద్వారాలు రాళ్ల కోసం ఎప్పుడో మాయమయ్యాయి. సన్యాసి పుణ్యమా అని ఇదొక్కటి నిలిచింది.

ఏ పొర ఎవరిదో విడదీసి చూపించేవాళ్లు లేకపోతే ఇదంతా ఒకే రాతి గుట్ట. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ రాజసభ సంగతీ అంతే. 4వ శతాబ్ది మొదట్లో లేచిన ఆ హాలు పొడవు 67 మీటర్లు, ఎత్తు సుమారు 33 మీటర్లు. లోపల అలంకారమేమీ లేని ఇటుక గోడలు చూసి రోమన్లు ఎంత నిరాడంబరులో అనుకోవడం సులువు. నిజానికి ఆ గోడలను లోపల పాలరాతి పలకలు కప్పి ఉండేవి, బయట గిలాబా ఉండేది, నేల కింద వేడిగాలి నడిచేది. 17వ శతాబ్దంలో పక్కన రాజప్రాసాదం కడుతూ కొన్ని గోడలు పడగొట్టారు. 19వ శతాబ్దంలో ప్రష్యా రాజు తిరిగి నిలబెట్టించాడు. 1944 బాంబుదాడుల్లో కాలిపోయింది. యుద్ధం తర్వాత బాగుచేసినవాళ్లు ఇటుకను ఇటుకగానే వదిలేశారు. ఆ నిరాడంబరత 1950ల నాటిది! చక్రవర్తి కూర్చునే చివరి గూడులో కిటికీలను పక్క గోడల కిటికీలకన్నా చిన్నవి చేశారు. దానితో దూరం నుంచి చూసేవాడికి ఆ కొస మరింత వెనక్కి జరిగినట్టూ, సింహాసనం మీది మనిషి పెద్దవాడైనట్టూ కనిపిస్తుంది. ఇది ఎవరో వేలెత్తి చూపిస్తేనే తెలుస్తుంది, తెలిశాక మరిచిపోలేం. ఇక రాజస్నానవాటికలలో ఎవరూ స్నానం చెయ్యనేలేదు. స్నానవాటికగా అది పూర్తే కాలేదు.

గైడును మాట్లాడుకోమంటే వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. గైడ్లు కథలల్లుతారు కదా అంటారు. అల్లుతారు, కాదనను. ట్రియర్ కథలకు కరువున్న ఊరు కాదు. బజారులో ఎర్ర ఇల్లు అనే భవనం మీద, రోమ్ కన్నా పదమూడు వందల ఏళ్ల ముందే ఈ ఊరు ఉండేదని లాటిన్‌లో రాసి ఉంది. అసిరియా రాజకుమారుడు ట్రెబేటా వచ్చి ఊరు కట్టాడన్న మధ్యయుగపు కథ దానికి ఆధారం. మన స్థలపురాణాలు వంటబట్టినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కతీడ్రల్ వాకిట్లో విరిగిపడి ఉన్న గ్రానైట్ స్తంభం మీద పిల్లలు జారుబండ ఆడుతుంటారు. ఊరివాళ్లు సారాయి కొట్టు కడుతున్నామని నమ్మించి సైతాను చేత స్తంభాలు మోయించారనీ, అది చర్చి అని తెలిసి వాడు కోపంతో ఈ స్తంభాన్ని విసిరేశాడనీ కథ. అసలైతే అది అక్కడి 4వ శతాబ్ది చర్చిని మోసిన పెద్ద స్తంభాల్లో ఒకటి, ఓడెన్‌వాల్డ్ కొండల నుంచి తెచ్చిన రాయి. కథ చెప్పి ఊరుకునే గైడు సగం గైడే. కథ చెప్పి, రాయి ఎక్కడిదో చెప్పి, అంత దూరం నుంచి ఎందుకు మోసుకొచ్చారన్న ఆలోచన పుట్టించేవాడు పూర్తి గైడు. అబద్ధం చెబుతాడేమోనన్న భయానికి మందు గైడును మానుకోవడంలో లేదు, అడగడంలో ఉంది. సొంత గైడైతే ‘ఇది ఎలా తెలిసింది?’ అని ఎన్నిసార్లయినా అడగవచ్చు. నలభై మంది గుంపులో అది కుదరదు.

రెండో అభ్యంతరం ఫోను. తేదీలూ కొలతలూ అందులో ఉన్నాయి, నిజమే. అయితే ఫోను మనం అడిగినదానికి బదులిస్తుంది. ఆ గుంటలు ఇనుప బందులవని ఊహకే రానివాడు గుంటల గురించి ఏమని వెతుకుతాడు? గుంపు టూరుకు ఇంకో ఇబ్బంది ఉంది. కాన్‌స్టంటైన్ ఎవరో, బైబిల్‌లో ఏముందో ముందే తెలిసినవారి కోసం అల్లిన మాటలు అవి. తెలుగువాడు వేరే సరుకు మోసుకుని వస్తాడు. ట్రియర్ రంగస్థలిలో సుమారు ఇరవై వేల మంది కూర్చునేవారనీ, తర్వాత దాన్ని రాళ్ల క్వారీ చేశారనీ వింటే మనకు అమరావతి స్తూపం గుర్తుకు రావాలి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకెంజీ చూసిన నాటికే ఆ స్తూపం రాళ్లు తరలిపోతున్నాయి. శిల్పాలున్న పలకలను సున్నం కోసం కాల్చారు. మిగిలినవి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. నాగార్జునకొండలోనూ మెట్ల రంగస్థలి బయటపడింది. దాని అసలు చోటు ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది, కట్టడాన్ని అనుపులో తిరిగి నిలిపారు. ట్రియర్ మ్యూజియంలో 1993లో దొరికిన 2,500కు పైగా రోమన్ బంగారు నాణేల కుప్ప ఉంది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఒకే సామ్రాజ్యపు డబ్బు ఇక్కడ జీతాల రూపంలో, అక్కడ సరుకుల ధర రూపంలో ఎలా తిరిగిందన్న ప్రశ్న మనకు పుడుతుంది. ఏ జర్మన్ యాత్రికుడూ దాన్ని అడగడు. ఆ ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు ఆగగలిగేది మన కోసమే వచ్చిన మనిషి ఒక్కడే.

ఖర్చు మాట. సొంత గైడు రుసుము సాధారణంగా తలకింత అని ఉండదు, బృందానికి ఇంత అని ఉంటుంది. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తే ఒక్కో కుటుంబానికి హోటల్ భోజనం ఖర్చుకు మించదు. రోజంతా వెంట తిప్పుకోవలసిన పని కూడా లేదు. పొద్దున రెండు గంటలు గైడుతో నడిచి, మధ్యాహ్నం అవే చోట్లకు మనంతట మనం వెళ్లాలి. తీరిగ్గా చూసే స్వేచ్ఛ పోతుందనేవారికి నా జవాబు అదే. అన్నిచోట్లా గైడు కావాలని కూడా అనను. చక్కగా పలకలు రాసిపెట్టిన మ్యూజియంలో అక్కర్లేదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇటలీ, గ్రీస్ లాంటి దేశాల్లో గైడుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. జర్మనీలో అలాంటి నిబంధన లేదు, ఎవరైనా గైడునని చెప్పుకోవచ్చు. అందుకే గైడ్ల జాతీయ సమాఖ్య, ఇఎన్ 15565 అనే యూరోపియన్ ప్రమాణం ప్రకారం శిక్షణ పొందినవారికి సర్టిఫికెట్ ఇస్తోంది. మాట్లాడుకునేటప్పుడు అది ఉందా అని అడగండి, ఇంగ్లిష్‌లో చెప్పేవారు కావాలని ముందే చెప్పండి, మీ ప్రశ్నలు నాలుగు రాసి పంపండి. జర్మనీలోని తెలుగు సంఘాలకు నా విన్నపం: ఉగాదికీ సంక్రాంతికీ హాళ్లు అద్దెకు తీసుకుంటున్నారు, సంతోషం. ఏడాదికొకసారి ట్రియర్‌కు ఒక బృందాన్ని గైడుతో పంపే ఖర్చు కూడా ఆ లెక్కల్లో చేర్చండి. ముందుగా రుచి చూద్దామనుకునేవారికి ఒక అవకాశం ఉంది: ఫిబ్రవరి 21 ప్రపంచ గైడ్ల దినం, ఆ తేదీ ప్రాంతంలో జర్మనీలోని అనేక నగరాల్లో గైడ్లు రుసుము లేకుండా ఊరు చూపిస్తారు.