అరుపు తరవాత ఏం జరుగుతోంది?

మాట వినని పిల్లల్ని నా దగ్గరికి తీసుకొచ్చే తల్లిదండ్రుల్ని ఒక్క విషయం పట్టుబట్టి అడుగుతాను. "నిన్న సాయంత్రం ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి. వాడు అరవకముందు ఎవరేమన్నారు? అరిచాక ఏమైంది?" మొండి, పెంకి, మేనమామ పోలిక అని చెప్పడం తేలికే. ఒక సాయంత్రాన్ని వరసగా చెప్పాలంటేనే తడబడతారు. నాకు కావలసిందంతా ఆ వరసలోనే ఉంటుంది.

మూడో తరగతి కుర్రాడొకడు వచ్చేవాడు. గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. తల్లి ఇంట్లో మిషన్ కుడుతుంది, తండ్రి పొద్దుపోయి ఇంటికొస్తాడు. ఆమె చెప్పిన సాయంత్రం ఇది. "నాన్నా, ఫోన్ పక్కన పెట్టు, అన్నం తిందువుగాని" అని వంటింట్లోంచి కేకేసింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ పిలిచింది, మళ్లీ పిలిచింది. చివరికి వచ్చి ఫోన్ లాక్కుంది. వాడు కంచం తోసేశాడు, ఆమె చెయ్యి కొరికాడు, ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చేలా గుక్కపట్టాడు. నాయనమ్మ వచ్చి "పసివాణ్ని ఎందుకే అట్టా ఏడిపిస్తావు" అంటూ ఫోన్ తిరిగి వాడి చేతిలో పెట్టింది. ఇల్లు సద్దుమణిగింది. వాడు ఫోన్ చూస్తుంటే తల్లి ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. తండ్రి ఇంట్లో ఉంటే బెల్టు తీస్తాడు. అప్పుడూ ఇల్లు సద్దుమణుగుతుంది.

అమెరికాలోని ఓరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ బృందం కుటుంబాల ఇళ్లకు వెళ్లి, కూర్చుని, సరిగ్గా ఇలాంటి ఘర్షణల్నే ఒక్కొక్క మాటా, ఒక్కొక్క చేష్టా నమోదు చేసింది. 1982లో ఆయన ప్రచురించిన పుస్తకం ఈ వలయాన్ని విడమరిచింది. అరిస్తే కావలసింది దొరుకుతుందని పిల్లాడు నేర్చుకుంటాడు. ఇచ్చేస్తే గోల ఆగుతుందని నాయనమ్మ నేర్చుకుంటుంది. కొడితే నోరు మూస్తాడని తండ్రి నేర్చుకుంటాడు. ఎవరి మనసులోనూ చెడు లేదు, అయినా రేపటి గొడవ ఇవాళ్టికన్నా పెద్దదవుతుంది. అదే పిల్లాడు బుద్ధిగా బొమ్మ గీసుకుంటున్నంతసేపూ వాడి వంక చూసేవాళ్లుండరు. తల్లికి నాలుగు జాకెట్లు కుట్టుకునే తీరిక దొరికేది అప్పుడే మరి.

అలగడం, ఎదురు చెప్పడం పిల్లలందరూ చేస్తారు. ఈడుకు మించిన కోపం, పెద్దలతో వాదన, కావాలని విసిగించడం, కక్ష పెట్టుకోవడం కనీసం ఆరు నెలలు సాగుతూ బడినో ఇంటినో దెబ్బతీస్తుంటే దాన్ని అపోజిషనల్ డిఫయెంట్ డిజార్డర్ అంటాం. తోబుట్టువులతో మాత్రమే కొట్లాడితే ఆ పేరు పెట్టం. తోటివాళ్లను గాయపరచడం, జంతువుల్ని హింసించడం, దొంగతనాలు, నిప్పు పెట్టడం దాకా వెళితే అది కాండక్ట్ డిజార్డర్, ఇంకా బరువైన సమస్య. రెండింటితోనూ కుదురు, ఏకాగ్రత లేకుండా చేసే ఏడీహెచ్‌డీ తరచూ కలిసి ఉంటుంది.

ఆ కుర్రాడి వైద్యంలో సగం నాయనమ్మతోనే జరిగింది. ఆమెను కూర్చోబెట్టుకుని మాట్లాడకపోతే ఎన్ని సలహాలిచ్చినా గుమ్మం దాటవు. రోజూ కాసేపు వాడు చెప్పిన ఆట వాడితో ఆడాలి, ఆ కాసేపూ సుద్దులు చెప్పకూడదు. పని చెప్పాలంటే దగ్గరికెళ్లి, కళ్లలోకి చూసి, ఒక్కసారే చెప్పాలి. విన్న వెంటనే మెచ్చుకోవాలి. ఏడ్చి అడిగినదాన్ని మాత్రం ఇవ్వకూడదు. మొదట్లో ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పారకపోతే ఇంకాస్త గట్టిగా ప్రయత్నించడం సహజం. చాలా కుటుంబాలు ఇక్కడే చేతులెత్తేస్తాయి కాబట్టి ఆ మాట ముందే చెబుతాను. ఈ ఇంట్లో నాయనమ్మ నిలబడింది. బెల్టు మాన్పించడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఒక్కోసారి అరుపు ఏదో తెచ్చిపెట్టదు, ఏదో తప్పిస్తుంది. తొమ్మిదో తరగతి అబ్బాయిని రెసిడెన్షియల్ స్కూలు వాళ్లు టీసీ ఇచ్చి పంపేశారు. బెంచీలు విరగ్గొట్టాడు, మాస్టారి మీదికి వెళ్లాడు. గొడవలన్నీ ఏ పీరియడ్‌లో అయ్యాయని అడిగితే ఎక్కువగా తెలుగు, సోషల్ అన్నాడు తండ్రి. నాలుగో తరగతి తెలుగు వాచకం తెరిచి ఆ అబ్బాయికిచ్చాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు, ఒత్తు వచ్చినచోటల్లా ఆగిపోయాడు. రెండో వాక్యానికే మెడ మీద చెమట పట్టింది. లేచి నిలబడి పాఠం చదవమన్నప్పుడల్లా రభస చేసి బయటికి పంపించుకునేవాడు. నలభైమంది ముందు నవ్వులపాలు కావడం కన్నా రౌడీ అనిపించుకోవడమే వాడికి నయం అనిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నేళ్లు బడిలో ఉన్న పిల్లాడి చేత ఒక్కరూ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూడలేదు. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చదవడం రాని పిల్లాణ్ని రోజూ నిలబెట్టి చదివించడం కూడా నా దృష్టిలో వేధింపే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సౌకర్యాలు అడగవచ్చు.

అందుకే చెవి, చూపు, నిద్ర, చదువు పరీక్షించకుండా కోపానికి మందు రాయను. ఎదురుతిరగడాన్ని మాన్పించే మాత్ర లేదు. ఏడీహెచ్‌డీ ఉంటే మిథైల్‌ఫెనిడేట్ ఉపయోగపడుతుంది. దాడి చేసే స్థితిలో రిస్పెరిడోన్ వాడతాం, బరువు పెరగడంపై కన్నేసి ఉంచుతాం. నెలల తరబడి చిరాగ్గా ఉండే ఆడపిల్లను పొగరుమోతనుకుంటారు గానీ, ఆ చిరాకు వెనక దిగులు జబ్బు ఉండొచ్చు.

పెద్దయ్యాక ఏమవుతాడోనన్నది ప్రతి తల్లి భయం. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన పిల్లల్ని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. ఆ సమాచారం ఆధారంగా 1993లో టెరీ మాఫిట్ రెండు దారులు చూపింది. టీనేజీలో మొదలైన ఆగడాలు చాలామందిలో వయసుతోపాటు తగ్గుతాయి. చిన్నప్పుడే మొదలై పెరుగుతూ వచ్చేవే ఎక్కువగా వెంటాడతాయి. మూడో తరగతిలోనే రమ్మని నేను పోరేది అందుకే. మానసిక నిపుణులు దగ్గరలో లేని ఊళ్లవాళ్లు 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

తొమ్మిదో తరగతి అబ్బాయిని మరో బడి చేర్చుకుంది. పైకి చదవమని అడగబోమని అక్కడి తెలుగు మాస్టారు మాటిచ్చారు. ఇంట్లో అక్క పాఠం చదివి ఫోన్‌లో రికార్డు చేసి వినిపించేది. పదో తరగతి రాసిపెట్టే మనిషి సాయంతో గట్టెక్కాడు. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తున్నాడు. కొట్లాటలు పూర్తిగా పోలేదు, మొన్న కూడా బస్టాండులో ఎవరితోనో గొడవపడ్డాడు. ఆ సంగతి చెప్పడానికి ఈసారి తండ్రి వెంట లేకుండా తనే వచ్చాడు.